అల్సరేటివ్ కొలైటిస్‌కు ప్రోబయోటిక్ సాషేలు: మాత్రలు ఆపి వాడొచ్చా, మాత్రలతో పాటు వాడాలా?

సుబేదారి_అక్క (హన్మకొండ)

అందరికీ నమస్తే. మా తమ్ముడికి అల్సరేటివ్ కొలైటిస్ ఉంది. పోయిన ఏడాది హైదరాబాద్‌లో కొలనోస్కోపీ చేసి తేల్చారు. పెద్దపేగులో ఎడమ వైపు వరకే ఉందన్నారు. మొదట స్టెరాయిడ్ ఇచ్చి మెల్లగా తగ్గించి ఆపారు. ఇప్పుడు పేగు వాపు తగ్గించే మెసలమైన్ మాత్రలు మాత్రమే. మధ్యలో చాలా బాగున్నాడు. గ్రూప్స్ ప్రిపరేషన్ టెన్షన్ మొదలైనప్పటి నుంచి మళ్లీ పొద్దున లేవగానే మూడు నాలుగు సార్లు బాత్‌రూమ్‌కు పరుగు, జిగట, అప్పుడప్పుడు రక్తపు చార.

మా మేనత్త కొడుకు ఒకటే పోరు. మాత్రలు ఏళ్ల తరబడి మింగితే కిడ్నీలు పాడవుతాయట, ప్రోబయోటిక్ సాషేలు వాడితే మంచి బ్యాక్టీరియా పెరిగి పేగు దానంతట అదే మానుతుందట. రోజుకో వీడియో పంపుతున్నాడు. అమ్మేమో మూడు పూటలా గిన్నెడు పెరుగు పెడుతోంది. తమ్ముడికి కూడా మాత్రలు ఆపాలనే మనసు పుట్టింది. అపాయింట్‌మెంట్‌కు ఇంకా టైముంది. ఈ లోపు ఈ జబ్బు ఉన్నవాళ్లు, దీని గురించి తెలిసినవాళ్లు ఉన్న మాట చెప్పండి. సాషేలకు డబ్బు పెట్టొచ్చా? పెడితే ఏవి కొనాలి?

ములుగు_కుర్రోడు

అక్కా, నేను వాడిన. గ్యాస్, కడుపుబ్బరం మస్తు తగ్గింది. మీ తమ్మునికి కూడా ఇప్పించండి, ఏం కాదు.

కాజీపేట_లోకో

తమ్మీ, నీకు రక్తం పడిందా? కొలనోస్కోపీ చేశారా? లేదంటే నీది ఐబీఎస్ అయి ఉంటుంది. ఐబీఎస్‌లో పేగు చూడ్డానికి బాగానే ఉంటుంది, పని తీరే సరిగా ఉండదు. వీళ్లది ఐబీడీ. ఇందులో పేగు లోపలి పొర వాచి, పుండ్లు పడి, రక్తం కారుతుంది. రెండిట్లోనూ మోషన్స్ ఉంటాయి కాబట్టి జనం కలిపేస్తారు. ఒకదానికి పనిచేసింది రెండోదానికి చెప్పకు.

చెల్లె, నాకు ఇదే జబ్బు చాలా ఏళ్లుగా ఉంది. ఇంజన్ మీద డ్యూటీ చేసేవాణ్ణి. మా ఇంజన్లలో టాయిలెట్ ఉండేది కాదు. కాజీపేటలో ఎక్కి బల్లార్షా వైపు పోతుంటే రామగుండం దాటే లోపు అర్జెంట్ వస్తే ఏం చెయ్యాలో ఆ భయం పడ్డవాడికే తెలుసు. డ్యూటీ ఉన్న రోజు తిండి మానేసేవాణ్ణి. ఇప్పుడు ఆఫీసు పని ఇచ్చారు. అందుకని మీ తమ్ముడి పొద్దుటి పరుగు నాకు బాగా అర్థమవుతుంది.

ముందు ఒక్క మాట. సాషే సంగతి తర్వాత. మాత్ర ఆపొద్దు. వార్డులో నా పక్క బెడ్ మీద ఒక అన్న ఉండేవాడు, ఇక నయమైపోయిందని మాత్రలు మానేసి, రోజుకు పదిహేను సార్లు రక్తంతో పోతూ అడ్మిట్ అయ్యాడు. నొప్పి తగ్గిందంటే జబ్బు పోయిందని కాదు, అణిగి ఉందని. అణిచి ఉంచేది ఆ మాత్రే.

ఇంకోటి. ఒళ్లు నొప్పులకో, తలనొప్పికో ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫినాక్ సూది వేయించుకుంటున్నాడా అడుగు. ఆ రకం పెయిన్‌కిల్లర్స్ మా లాంటోళ్లకు జబ్బును లేపుతాయి. నాకు డాక్టర్ రాసిచ్చిన మొదటి నిషేధం అదే.

హంటర్‌రోడ్_వెల్‌నెస్

మేడం, అల్లోపతి మందులు జబ్బును అణచడమే తప్ప మూలాన్ని ముట్టుకోవు. మా దగ్గర 50 రకాల మంచి బ్యాక్టీరియా, ఎంజైములు, మూలికలు కలిపిన పౌడర్ ఉంది. మూడు నెలల కోర్సు. ఎంతోమంది కొలైటిస్ వాళ్లు మాత్రలు పూర్తిగా వదిలేశారు. ఇంటికే పంపిస్తాం. మెసేజ్ పెట్టండి, డిస్కౌంట్ ఇస్తాను.

నర్సంపేట_మెడికల్స్

పైన చెప్పిన సార్‌కు మూడు ప్రశ్నలు. ఏ బ్యాక్టీరియా, స్ట్రెయిన్ (అంటే ఆ జాతిలోని ఉపరకం) పేరుతో సహా? ఒక్కో దాంట్లో ఎన్ని ఉన్నాయి, తయారైన రోజున కాదు, ఎక్స్‌పైరీ రోజున? ఏ ఉష్ణోగ్రతలో పెట్టాలి? ఈ మూడూ డబ్బా మీద లేకపోతే నేనైతే నా షాపులో పెట్టను.

అక్కా, కౌంటర్ వెనుక నిలబడి రోజూ చూస్తున్నది చెబుతాను. ప్రోబయోటిక్ అని అడిగితే షాపులో దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు. ఒకటి, చిన్న ప్లాస్టిక్ ఆంప్యూల్స్‌లో వచ్చే బాసిలస్ క్లాసీ. పిల్లల విరేచనాలకు ఎక్కువ రాస్తారు. అది స్పోర్ల రూపంలో ఉంటుంది కాబట్టి ఎండకు చావదు, ఫ్రిజ్ అక్కర్లేదు. రెండు, సాక్రోమైసిస్ బౌలార్డీ. ఇది బ్యాక్టీరియా కాదు, ఈస్ట్. యాంటీబయోటిక్ వాడుతున్నా చావదు. మూడు, లాక్టోబాసిలస్, బిఫిడో లాంటివి నాలుగైదు కలిపిన క్యాప్సూల్స్, సాషేలు. వీటిలో చాలావాటిని చల్లగా ఉంచాలి. మే నెలలో మన దగ్గర ఎండ సంగతి తెలిసిందే. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో డబ్బా మధ్యాహ్నమంతా రేకుల కింద పడి ఉంటే లోపల బతికి ఉన్నవి ఎన్నో ఎవరికి తెలుసు?

కొలైటిస్‌కు వీటిలో ఏది పనిచేస్తుందో చెప్పేంత చదువు నాది కాదు. యూనివర్సిటీ సార్ ఉన్నారు కదా, ఆయన్నే అడుగుదాం.

కేయూ_మైక్రో

పిలిచారు కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను. నేను డాక్టర్‌ను కాదు, మైక్రోబయాలజీ చెప్పుకునేవాణ్ణి. మందుల విషయంలో నా మాట మీద నడవకండి.

"ప్రోబయోటిక్ పనిచేస్తుందా" అని అడిగితే జవాబు రాదు. ఏ స్ట్రెయిన్, ఎంత మోతాదు, ఏ జబ్బు, జబ్బులో ఏ దశ, ఇవి చెప్పాలి. ఒకే జాతి బ్యాక్టీరియాలోనూ ఒక స్ట్రెయిన్ మేలు చేస్తే ఇంకోటి కీడు చేస్తుంది. ఉదాహరణకు ఈ-కోలి అనగానే మనకు విరేచనాలు గుర్తొస్తాయి. కానీ మొదటి ప్రపంచ యుద్ధం నాటి మాట, చుట్టూ ఉన్న సైనికులు విరేచనాలతో పడిపోతుంటే ఒక సైనికుడికి మాత్రం ఏమీ కాలేదు. అతని మలంలోంచి అల్ఫ్రెడ్ నిస్లే అనే జర్మన్ డాక్టర్ 1917లో ఒక ఈ-కోలిని వేరు చేశాడు. అదే నిస్లే 1917 స్ట్రెయిన్. 2004లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, అల్సరేటివ్ కొలైటిస్ తగ్గి నెమ్మదించిన 327 మందికి ఏడాది పాటు కొందరికి ఇది, కొందరికి మెసలమైన్ ఇచ్చారు. జబ్బు తిరగబెట్టినవాళ్లు దీంతో 36.4 శాతం, మెసలమైన్‌తో 33.9 శాతం. అంటే దాదాపు సమానం. మీ బావ వీడియోల్లో చెప్పే మాటకు ఎక్కడైనా ఆధారం ఉందంటే అది ఇదే. గమనించాల్సింది ఏమిటంటే, అది ఆ ఒక్క స్ట్రెయిన్‌కు, జబ్బు అణిగి ఉన్నవాళ్లకు, డాక్టర్ల కన్ను కింద. రక్తం పడుతున్నప్పుడు షాపులో దొరికిన ఏదో సాషేకు కాదు.

రెండోది మన దేశంలోనే జరిగింది. లూధియానా డాక్టర్లు నడిపిన అధ్యయనం, 2009లో అచ్చయింది. తేలికపాటి నుంచి మధ్యరకం కొలైటిస్ ఉన్న 147 మంది. ఎనిమిది స్ట్రెయిన్లు కలిపిన వీఎస్ఎల్#3 అనే మిశ్రమం సగం మందికి, ఉత్తి పొడి మిగతా సగం మందికి. 12 వారాల తర్వాత జబ్బు అణిగినవాళ్లు మిశ్రమంతో 42.9 శాతం, ఉత్తి పొడితో 15.7 శాతం. మంచి ఫలితమే. మరుసటి ఏడాది ఇటలీలో, రోజువారీ మందులు ఆపకుండా వాటికి తోడుగా ఇదే మిశ్రమం ఇచ్చి 8 వారాలు చూశారు. లక్షణాల స్కోరు సగానికి సగం తగ్గినవాళ్లు ఎక్కువయ్యారు. పూర్తిగా అణిగినవాళ్ల విషయంలో మాత్రం తేడా గట్టిగా తేలలేదు.

ఇక మోతాదు. ఇటలీలో రోజుకు 3.6 లక్షల కోట్ల బ్యాక్టీరియా. లూధియానాలో అంత మోతాదు రోజుకు రెండుసార్లు. అవును, లక్షల కోట్లే, రాష్ట్ర బడ్జెట్ లాగా. షాపులో దొరికే 500 కోట్ల క్యాప్సూల్‌తో ఇటలీ వాళ్ల లెక్క అందుకోవాలంటే రోజుకు 720 మింగాలి. ఏ క్యాప్సూల్ అమ్మేవాడూ ఈ భాగాహారం చేసి చూపించడు.

పెరుగు లెక్క కూడా చూద్దాం. యోగర్ట్‌లో గ్రాముకు కనీసం కోటి బ్యాక్టీరియా ఉండాలని అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణం. ఆ లెక్కన 3.6 లక్షల కోట్లకు 360 కిలోల పెరుగు కావాలి. మీ అమ్మగారి తోడు గట్టిదై పదింతలు ఉన్నాయనుకున్నా 36 కిలోలు. పైగా మన ఇంటి తోడులో ఏవేవి ఉన్నాయో ఇంటింటికీ మారుతుంది. పెరుగు తినండి, వద్దనను. దాన్ని మందు ఖాతాలో మాత్రం రాయకండి.

మరి ఇంత మంచి ఫలితాలు ఉన్నా పెద్ద సంఘాలు ఎందుకు ఒప్పుకోలేదు? అధ్యయనాలు తక్కువ, చిన్నవి, ఒక్కోదాంట్లో ఒక్కో స్ట్రెయిన్. అమెరికన్ గ్యాస్ట్రోఎంటరాలజీ అసోసియేషన్ 2020లో అన్నీ జల్లెడ పట్టి చూసి, అల్సరేటివ్ కొలైటిస్‌లో గానీ క్రోన్స్‌లో (ఇదీ పేగు వాపు జబ్బే) గానీ ప్రోబయోటిక్స్ పరిశోధనలో భాగంగా తప్ప వాడొద్దంది. ఒక్కచోట మాత్రం ఎనిమిది స్ట్రెయిన్ల మిశ్రమాన్ని షరతులతో సూచించింది. పెద్దపేగు తీసేసి చిన్నపేగుతో సంచి కుట్టినవాళ్లకు ఆ సంచిలో వాపు వస్తుంది, పౌచైటిస్ అంటారు. దానికి.

చివరగా పేరు తిరకాసు. ఆ ఎనిమిది స్ట్రెయిన్ల మిశ్రమాన్ని తయారుచేసిన శాస్త్రవేత్తకూ, అమ్మే కంపెనీకీ చెడింది. అమెరికాలో 2016 తర్వాత పాత పేరుతో వచ్చే డబ్బాలో ఉన్నది పాత మిశ్రమం కాదు. పాతది వేరే పేరుతో వస్తోంది. కోర్టుకు కూడా వెళ్లారు. కాబట్టి పేరు చూసి కాకుండా వెనక ఉన్న స్ట్రెయిన్ల జాబితా చూసి కొనాలి.

పరకాల_నాన్న

సార్ రాసింది నిమ్మళంగా రెండుసార్లు చదివిన. మా బిడ్డకు క్రోన్స్. ఇంటర్ చదివేటప్పుడు బరువు తగ్గుకుంటూ వచ్చింది, కుడి దిక్కు కడుపు నొప్పి, సాయంత్రం పూట జ్వరం. మొదలు పేగు టీబీ అన్నరు. టీబీ మందులు కొన్ని నెలలు వాడినంక మళ్ల కొలనోస్కోపీ చేస్తే పుండ్లు అట్లనే ఉన్నయి. అప్పుడు క్రోన్స్ అని తేల్చిన్రు. మన దిక్కు ఈ రెండూ చూడ్డానికి ఒక్కలెక్కనే ఉంటయట, డాక్టర్లకే తేల్చుడు కష్టమట.

ప్రోబయోటిక్ గురించి నేనూ అడిగిన. పత్తి అమ్మిన పైసలు చేతుల ఉన్నయి, ఎంతైనా పెడుదామనుకున్న. ఆ డాక్టర్ సాబ్ ముఖం మీదనే చెప్పిండు. క్రోన్స్‌కు వీటితోని లాభం ఉందని ఎవ్వరూ రుజువు చెయ్యలే, ఆ పైసలతోని బిడ్డకు గుడ్లు, పప్పు పెట్టు, రక్తం తక్కువుంది, ఐరన్ సంగతి చూద్దాం అని. ఇప్పుడు అజథయోప్రిన్ అనే మందు మీద ఉంది. డిగ్రీ చదువుతుంది, బరువు పెరిగింది.

సుబేదారి_అక్క (హన్మకొండ)

పరకాల అన్నా, మీ బిడ్డ బాగుందంటే సంతోషంగా ఉంది. కేయూ సార్, 360 కిలోల లెక్క అమ్మకు చదివి వినిపించాను. "నేను మందని పెడుతున్ననా, వాడు సన్నబడ్డడని పెడుతున్న" అంది.

వెల్‌నెస్ గారూ, మెసేజ్ పెట్టను. ఏమనుకోకండి.

తమ్ముడి తరఫున రెండు అడుగుతున్నాను. మెసలమైన్‌తో కిడ్నీలు నిజంగా పోతాయా? రెండోది, మాత్రలు ఆపకుండానే, డబ్బు పోతే పోయిందనుకుని సాషే మొదలుపెడితే నష్టమేమైనా ఉందా? "మంచి బ్యాక్టీరియా కదా, చెడు ఎట్లా చేస్తుంది" అంటున్నాడు.

కరీంనగర్_ఫిజీషియన్

అమ్మా, నేను జనరల్ మెడిసిన్ డాక్టర్‌ను. మీ తమ్ముడిని చూడకుండా వైద్యం చెప్పను, అడిగినవాటికి జవాబు ఇస్తాను.

కిడ్నీ భయం పూర్తిగా గాలి మాట కాదు. మెసలమైన్‌తో అరుదుగా కిడ్నీలో వాపు వస్తుంది. అందుకే మొదలుపెట్టే ముందు ఒకసారి, తర్వాత అప్పుడప్పుడు క్రియాటినిన్ చూస్తాం. చవకైన రక్త పరీక్ష, మన దగ్గరే చేస్తారు. చివరిసారి ఎప్పుడు చేశారో ఫైల్‌లో చూడండి. చాలాకాలమైతే చేయించి రిపోర్టు తీసుకెళ్లండి. ఈ అరుదైన ఇబ్బంది కోసం మాత్ర మానేస్తే, అరుదు కాని ఇబ్బంది వస్తుంది. జబ్బు తిరగబెడుతుంది, మళ్లీ స్టెరాయిడ్. పేగు ఏళ్ల తరబడి వాచి ఉంటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు కూడా పెరుగుతుంది. జబ్బు మొదలై 8 ఏళ్లు దాటాక క్రమం తప్పకుండా కొలనోస్కోపీ చేయించుకోమనేది అందుకే.

మంచి బ్యాక్టీరియా చెడు చేస్తుందా అన్నాడు కదా. నెదర్లాండ్స్‌లో తీవ్రమైన ప్యాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) రోగులకు ప్రోబయోటిక్ ఇచ్చి చూశారు, 2008లో ఫలితాలు వచ్చాయి. ఇన్ఫెక్షన్లు తగ్గుతాయనుకుంటే తగ్గలేదు సరికదా, ప్రోబయోటిక్ తీసుకున్నవాళ్లలో 16 శాతం చనిపోయారు, ఉత్తి పొడి తీసుకున్నవాళ్లలో 6 శాతం. అది వేరే జబ్బు, ఐసీయూ స్థాయి రోగులు. మీ తమ్ముడికి అలా అవుతుందని కాదు. ఏమీ కాదులే అనే మాట అందరికీ వర్తించదని చెప్పడానికి రాశాను. అలాగే సాక్రోమైసిస్ బౌలార్డీ ఈస్ట్ కాబట్టి, మెడలో సెంట్రల్ లైన్ (పెద్ద రక్తనాళంలోకి వేసే గొట్టం) ఉన్నవాళ్లకు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకు అరుదుగా రక్తంలోకి చేరి ఫంగస్ ఇన్ఫెక్షన్ చేస్తుంది. పెద్ద డోసు స్టెరాయిడ్ మీద, అజథయోప్రిన్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి రోగనిరోధక శక్తిని తగ్గించే మందుల మీద ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ఏ ప్రోబయోటిక్ కూడా మొదలుపెట్టొద్దు. పరకాల అన్నా, ఇది మీ బిడ్డకు వర్తిస్తుంది. మెసలమైన్ మాత్రమే వాడుతూ, తిరుగుతూ పని చేసుకుంటున్న కుర్రాడికి సాధారణంగా గ్యాస్, ఉబ్బరం తప్ప పెద్ద ప్రమాదం ఉండదు.

నా లెక్కలో అసలు ప్రశ్న మీరు అడగలేదు. జబ్బు ఎడమ వైపే ఉంది, మాత్ర మింగుతున్నా రక్తం పడుతోంది. మరి కింది నుంచి ఇచ్చే మెసలమైన్, అంటే ఎనిమా గానీ సపాజిటరీ గానీ వాడుతున్నాడా? ఎడమ వైపు జబ్బులో మాత్ర ఒక్కదానికన్నా మాత్రా ఎనిమా కలిపితే ఎక్కువ పనిచేస్తుంది. మన పిల్లలు సిగ్గుపడి, డాక్టర్ రాసినా వాడరు. వాడుతున్నామని అబద్ధం కూడా చెబుతారు. ఒకసారి మెల్లగా అడగండి. ఇంకా, మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష చేయిస్తే ఈ మోషన్స్ నిజంగా వాపు వల్లా, పరీక్షల టెన్షన్ వల్లా అన్నది చాలావరకు తెలుస్తుంది. కొలైటిస్ ఉన్నవాళ్లకు ఐబీఎస్ కూడా తోడవ్వొచ్చు.

రోజుకు ఆరు సార్లు దాటి రక్తంతో పోతున్నా, జ్వరం వచ్చినా, గుండె దడ, కడుపు ఉబ్బి బిగుసుకోవడం ఉన్నా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి, వరంగల్ ఎంజీఎం అయినా సరే.

ఇంకో మాట, ఇది పట్నం జబ్బు అని మేం చదువుకునే రోజుల్లో అనుకునేవాళ్లం. హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రి వాళ్లు తెలంగాణ పల్లెల్లో క్యాంపులు పెట్టి చూస్తే, కడుపు బాధలతో వచ్చినవాళ్లలో ఐబీడీ ఉన్నవాళ్ల శాతం పట్నంలోనూ పల్లెలోనూ ఇంచుమించు ఒకటే అని తేలింది. రక్త విరేచనాలు అనగానే అమీబా మందో, మొలల మందో ఇచ్చి పంపే అలవాటు మా డాక్టర్లు కూడా మానుకోవాలి.

హంటర్‌రోడ్_వెల్‌నెస్

డాక్టర్లు ఇట్లాగే భయపెడతారు. మా కస్టమర్ల వీడియోలు చూడండి, అప్పుడు మాట్లాడండి.

కాజీపేట_లోకో

అన్నా, మాత్రలు వదిలేసిన మీ కస్టమర్లు ఏడాది తర్వాత తీసిన కొలనోస్కోపీ ఫొటోలు పెట్టు, చూస్తాం. వీడియోలు వద్దు.

జనగామ_డైటీషియన్

తిండి గురించి ఎవరూ రాయలేదు, అందుకని నేను.

అక్కా, పెరుగు ఆపక్కర్లేదు, అతనికి పడితే. పెద్దయ్యాక పాలలోని లాక్టోజ్ అరగని వాళ్లు మనలో చాలామంది. పెరుగులో అది కొంత తగ్గుతుంది కాబట్టి పాలకన్నా నయం. తిన్న గంట రెండు గంటల్లో ఉబ్బరం, గడగడ, నీళ్ల మోషన్ ఉంటే కొన్నాళ్లు తగ్గించి చూడండి. మూడు పూటలా గిన్నెడు మాత్రం ఎక్కువే. పలుచని మజ్జిగ, కొంచెం ఉప్పు వేసి, మధ్యాహ్నం ఇవ్వండి. ప్రోబయోటిక్ అనుకుని మజ్జిగ పులుసు కాచి పోస్తున్నామని ఒకరు నాతో అన్నారు. కాచాక అందులో బతికి ఉండేవి ఏముంటాయి? రుచికి తినొచ్చు.

జొన్న అంబలి, చద్దన్నం కూడా పులిసినవే. కడుపు నెమ్మదిగా ఉన్న రోజుల్లో నిరభ్యంతరంగా తాగొచ్చు. రక్తం పడుతున్న రోజుల్లో జొన్న, మక్క గటక లాంటివి బరువు. అప్పుడు మెత్తగా ఉడికిన అన్నం, పెసరపప్పు కట్టు, గుడ్డు, చెక్కు తీసి ఉడికించిన సొరకాయ, అరటిపండు. పచ్చి ఉల్లిగడ్డ, పచ్చి కూరగాయలు, పల్లీలు, మక్కకంకులు పక్కన పెట్టండి. కారం జబ్బుకు కారణం కాదు, కానీ పుండు మీద మంట పెడుతుంది. వరంగల్ మిర్చి తినే ఇంట్లో ఈ మాట ఎవరూ వినరని తెలుసు, అయినా రాస్తున్నా. జబ్బు అణగగానే ఆ పథ్యం తీసేయాలి. నేను చూసే పిల్లల్లో సగం మంది పథ్యం పేరుతోనే ఎండిపోతారు. భయంతో ఏళ్ల తరబడి చప్పిడి అన్నం తింటుంటారు.

చిన్న సీసాల్లో అమ్మే పులిసిన పాల డ్రింకుల్లో చక్కెర ఉంటుంది. జబ్బు కోసమని వాటికి నెలనెలా డబ్బు పెట్టక్కర్లేదు.

ఊరగాయ కూడా ప్రోబయోటిక్కే అంటున్నారు ఈ మధ్య. మన ఆవకాయలో ఉన్నంత ఉప్పు, నూనె, కారంతో అది పులిసే పచ్చడి కాదు. కొరియా కిమ్చీ గురించి చదివింది తెచ్చి ఆవకాయకు అంటగట్టొద్దు.

ములుగు_కుర్రోడు

డాక్టర్ సార్, నాకు రక్తం ఎప్పుడూ పడలే, బరువు కూడా తగ్గలే. రాత్రి నిద్రలో లేచి పోవుడు లేదు. మరి నేను సాషేలు వాడొచ్చా?

కరీంనగర్_ఫిజీషియన్

మీరు చెప్పిన మూడూ మంచి గుర్తులే. ఐబీఎస్‌లో కొందరికి ఉపశమనం ఉంటుంది. నాలుగు వారాలు చూసి తేడా లేకపోతే ఆపేయండి, నెలల తరబడి లాగొద్దు. వయసు 45 దాటాక కొత్తగా మొదలైతే, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ ఉంటే మాత్రం ఒకసారి చూపించుకోండి.

సుబేదారి_అక్క (హన్మకొండ)

తమ్ముడిని హైదరాబాద్ తీసుకెళ్లి వచ్చాం. అందరికీ చెప్పాలనిపించింది.

కరీంనగర్ సార్ అన్నదే నిజమైంది. ఎనిమా పోయిన ఏడాదే రాశారు. మా వాడు డబ్బా కొన్నాడు, తెరవలేదు. బీరువాలో బట్టల కింద దాచాడు. నేను అడిగితే తల దించుకుని కూర్చున్నాడు, అమ్మ వంటింట్లోకి వెళ్లేదాకా నోరు విప్పలేదు. డాక్టర్ గారు ఏమీ కోప్పడలేదు, "పదిమందిలో ఆరుగురు ఇంతే" అని నవ్వారు. క్రియాటినిన్ మామూలుగా ఉంది. కాల్‌ప్రొటెక్టిన్ బాగా పెరిగింది. కాబట్టి టెన్షన్ ఒక్కటే కాదు, వాపు ఉంది. మాత్ర డోసు పెంచారు, రాత్రి పూట ఎనిమా తప్పనిసరి అన్నారు. దీనికి తగ్గకపోతే స్టెరాయిడ్ సంగతి ఆలోచిద్దామన్నారు.

సాషే గురించి కూడా అడిగాను. ముందు ఎనిమాతో చూద్దాం, రెండూ ఒకేసారి మొదలుపెడితే దేనివల్ల తగ్గిందో మనకే తెలియదు అన్నారు. తర్వాత కావాలంటే ఎనిమిది స్ట్రెయిన్లది, పూర్తి డోసులో, రెండు నెలలు, మందులకు తోడుగా. ఖర్చు చెప్పారు. నేను, తమ్ముడు ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ప్రస్తుతానికి ఆ డబ్బు కాల్‌ప్రొటెక్టిన్ మళ్లీ చేయించడానికి ఉంచుకుంటున్నాం. బావకు కూడా ఇదే చెప్పాను. అతనికి నచ్చలేదు, వీడియోలు మాత్రం ఆగాయి.

ఇప్పుడు తమ్ముడి బాధ ఒక్కటే, ఎనిమా పెట్టుకున్న పది నిమిషాలకే బయటకు వచ్చేస్తోంది. పక్క దుప్పట్లు పాడవుతాయని ఏడుపు ముఖం. ఇది ఫ్రిజ్‌లో పెట్టాలా?

పరకాల_నాన్న

మంచిగైంది బిడ్డా. పరీక్షలు ఎటూ పోవు, ముందుగాల ఆరోగ్యం చూసుకొమ్మని తమ్మునికి చెప్పు.

నర్సంపేట_మెడికల్స్

అక్కా, ఫ్రిజ్‌లో వద్దు. డబ్బా మీద రాసి ఉంటుంది చూడండి, మామూలుగా గది వేడిలోనే, ఎండ తగలకుండా పెట్టమంటారు. చల్లగా లోపలికి వెళ్తే పేగు వెంటనే ముడుచుకుని బయటకు తోస్తుంది. వాడే ముందు సీసాను చేతుల్లో కాసేపు పట్టుకుని, బాగా కుదిపి, చివరకు కొంచెం వేజలీన్ రాసుకోమనండి. పడుకునే ముందు బాత్‌రూమ్‌కు వెళ్లొచ్చి, ఎడమ వైపు తిరిగి, ఎడమ కాలు చాపి కుడి మోకాలు కడుపు వైపు మడుచుకుని పెట్టుకోవాలి. మెల్లగా పిండాలి, ఒక్కసారి కాదు. అరగంట అలాగే పడుకుని ఉండాలి, తర్వాత ఎలా పడుకున్నా పర్లేదు. కింద పాత టవల్, దాని కింద పిల్లలకు వేసే రబ్బరు షీటు పరవండి.

కాజీపేట_లోకో

మొదట్లో నాకూ ఆగేది కాదు. వాపు తగ్గేకొద్దీ పేగు పట్టుకోవడం నేర్చుకుంటుంది, రెండో వారం నుంచి తెల్లవారేదాకా ఉండేది. బయటకు వచ్చిందని అదే రాత్రి ఇంకోటి పెట్టుకోవద్దను. అప్పటికీ ఆగకపోతే ఫోమ్ రకం దొరుకుతుందేమో డాక్టర్‌ను అడగండి. నల్ల దుప్పటి వాడమను చెల్లె, ఆ మందు మరక తెల్లబట్ట మీద పడితే పోదు.